పిడికెడు ప్రసాదం, ఆరు వందల పన్నెండు మెట్లు

1వ రోజు

గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని ఈ పుస్తకం మొదలుపెడుతున్నాను. నా పేరు మంగతాయారు. యాభై ఏళ్ళు. బరువు తొంభై ఏడు కిలోలు. ఈ చివరి ముక్క దాచుకుందామన్నా దాగదు. కొండమీదున్న మా ఊళ్ళో, కింద ఊట దగ్గరికి తాడు మీద దింపే దిగుడు తొట్టిలో కాలు పెట్టగానే అందులోని తూకం పెట్టె గొంతు మన పేరూ బరువూ గట్టుమీద ఉన్నవాళ్ళందరికీ వినిపించేలా చెబుతుంది.

ఈ పొద్దున కూడా చెప్పింది. వరసలో ఉన్న ముప్పైమందీ విన్నారు. బ్రేకు దగ్గర కూర్చునేది మా ఆయనే. ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా, "తొంభై అయిదు లీటర్లు పొయ్యండర్రా" అని కింద ఊట దగ్గరివాళ్ళకు గొట్టంలో చెప్పారు. నా బరువుకి నేను కిందికి దిగుతుంటే, రెండో తాడు మీద నీళ్ళ తొట్టి పైకి వచ్చింది. సగం దారిలో రెండు తొట్లూ ఎదురుపడినప్పుడు ఎప్పటిలాగే ఆ నీళ్ళకు దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత ఆరు వందల పన్నెండు మెట్లూ ఎక్కి ఇంటికొచ్చాను. రోజుకు రెండు సార్లు దిగుతాను, రెండు సార్లు ఎక్కుతాను. అంతకుమించి ఓపిక లేదు.

మధ్యాహ్నం ఊరి సభ కార్యదర్శి పాండురంగం గారు దిగుడు జట్టు పేర్లు రాసిన పలక దగ్గర నిలబడి కొత్త నియమం చదివారు. దిగుడు జట్టులో ఉండాలంటే నూట ఇరవయ్యో రోజుకు ఎవరి బరువూ ఎనభై అయిదు కిలోలు దాటకూడదు. దాటితే పలక మీద పేరు చెరిపేస్తారు. కిందటేడు మెట్ల మీద ఒకాయన గుండె ఆగి పోయాడు, అందుకని. ఆకలి తగ్గించే బిళ్లలు సభే ఇస్తుంది. గాలిఓడ నెలకోసారి తెస్తుంది.

మాట సబబైనదే. కానీ జట్టులో పేరున్నవాళ్ళే, పైకొచ్చిన నీళ్ళు నిలిచే కుండీలోంచి తొలి బిందె ముంచి గంగమ్మకు అభిషేకం చెయ్యాలి. ఇరవై ఏడేళ్ళుగా ఆ బిందె నాది.

డాక్టరు షాహీన్ గారిని అడిగాను. "ఈ బిళ్ల ఎన్నాళ్ళు వేసుకోవాలమ్మా?"

"వేసుకున్నన్నాళ్ళు పనిచేస్తుందండీ."

"మానేస్తే?"

"ఆకలి వెనక్కొస్తుంది. మందు మంచిదే. కొందరికి ఇది లేకపోతే గడవదు కూడా. మీకు కావాలో వద్దో మీరే తేల్చుకోవాలి. వద్దంటే మాత్రం పుస్తకం రాయాలి. ఏం తిన్నారు, ఎన్ని సార్లు ఎక్కారు, దాచకుండా."

నేను వద్దన్నాను. చదివింది పదో తరగతే అయినా నా దస్తూరి బాగుంటుంది.

5వ రోజు

దాచకుండా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. పొద్దున రెండు దోసెలు. మధ్యాహ్నం అన్నం, పప్పు, వంకాయ కూర, మజ్జిగ. రాత్రి రెండు జొన్నరొట్టెలు. ఇది చూసి డాక్టరు గారు, "దీనికి తొంభై ఏడు కిలోలు రావండీ. ఇంకేదో ఉంది" అన్నారు.

చాలాసేపు ఆలోచించాను. ఉంది.

గంగమ్మ గుడి అంటే కుండీ గదిలో ఒక గూడు. ఊళ్ళో ప్రతి ఇంటినుంచీ రోజూ పిడికెడు బియ్యం వస్తుంది. నేను వండి, నైవేద్యం పెట్టి, వచ్చినవాళ్ళకు పంచుతాను. మిగిలింది పారెయ్యకూడదు. మర్నాటికి ఉంచకూడదు. అందుకని నేనే తినేస్తాను. రోజూ రెండు గరిటెలు, ఒక్కోరోజు నాలుగు. శుక్రవారం చక్కెర పొంగలి. ఇరవై ఏడేళ్ళలో దాన్ని తిండి కింద ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అది ప్రసాదం కదా.

11వ రోజు

ఏకాదశి. ఉపవాసం. సగ్గుబియ్యం ఉప్మా ఒక గిన్నెడు, అరటిపళ్ళు అయిదు, పాలు రెండు గ్లాసులు, వేయించిన వేరుశనగలు, బెల్లం ముక్క, సాయంత్రం మళ్ళీ ఉప్మా.

రాసింది చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. మామూలు రోజు కంటే ఎక్కువ తిన్నాను. మా ఆయన పుస్తకం తీసి చూసి, "ఏమే, ఇంకో ఏకాదశి వస్తే తొట్టి తాడు మార్పించాలేమో" అన్నారు.

23వ రోజు

తొంభై తొమ్మిది. పెరిగాను.

కారణం నాకు తెలుసు. జట్టులో సగం మంది బిళ్ల వేసుకుంటున్నారు. గుడికి వస్తారు, ప్రసాదం చేతిలోకి తీసుకుంటారు, కళ్ళకద్దుకుంటారు, నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని మిగతాది భక్తిగా తిరిగి గిన్నెలో పెట్టేస్తారు. "ఆకల్లేదు పిన్నిగారూ" అంటారు. బియ్యం మాత్రం ప్రతి ఇంటినుంచీ వస్తూనే ఉంది. ఊరంతా తినని అన్నం నా ఒక్కదాని ఒంటికి చేరుతోంది.

మా తోడికోడలు కనకరత్నం ఎనభై ఎనిమిది నుంచి ఎనభై ఒకటికి వచ్చింది. గొంతు ఆ అంకె చెప్పగానే వరసలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వెనకే నేను ఎక్కాను. చప్పట్లు ఆగిపోయాయి.

కనకం నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఎందుకక్కా ఈ మొండితనం? దేవుడిచ్చిన మందనుకుని వేసేసుకో. ఆ తొలి బిందె పోతే నువ్వు తట్టుకోలేవు. నాకు తెలుసు."

ఎత్తిపొడుపు కాదు, ప్రేమగానే అంది. తన దగ్గరున్న బిళ్లల పట్టీ నా కొంగున ముడేసింది.

31వ రోజు

దాచకుండా రాయాలి. మూడు రోజులనుంచి బిళ్ల వేసుకుంటున్నాను.

పనిచేసింది. ఆ విషయంలో అబద్ధం చెప్పకూడదు. ఎనిమిదేళ్ళ వయసునుంచీ నాకు తెలిసిన ఆకలి ఒక్కసారిగా పక్కింటికి వెళ్ళిపోయినట్టుంది. కడుపులో నిశ్శబ్దం. ఒకరకంగా హాయిగానే ఉంది.

కానీ నిన్న ఏమైందంటే, గుడిలో పూలమాల కడుతూ కూర్చున్నాను. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగమైంది. బియ్యం వెయ్యాలని నాకు తోచలేదు. మా ఆయన బ్రేకు పని ముగించుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పొద్దు నడినెత్తి దాటిపోయింది.

"నైవేద్యం అయిందా?"

"ఇంకా వేళ కాలేదు కదండీ."

"వేళ కాకపోవడమేంటే? మూడైంది! గంగమ్మకి కూడా బిళ్ల వేసేశావా ఏంటి?"

ఆయన వేళాకోళానికే అన్నారు. నా చేతుల్లోంచి మాల జారిపోయింది. గుడిలో గడియారం లేదు. ఇరవై ఏడేళ్ళూ నా కడుపే నాకు గడియారం. నాకు ఆకలేసినప్పుడు అమ్మకూ వేస్తుందని బియ్యం కడిగేదాన్ని. ఒక్క రోజు కూడా వేళ తప్పలేదు. నిన్న మొదటిసారి తల్లిని మూడింటిదాకా పస్తు ఉంచాను.

గడియారం కొనుక్కోవచ్చు కదా అని డాక్టరు గారు అడిగారు. ఆవిడ చెప్పింది నిజమే. కానీ నా ఆకలి నాకు శత్రువు కాదని ఆ మూడు రోజుల్లోనే తెలిసింది. తప్పు ఆకలిది కాదు, గిన్నె అడుగున మిగిలిపోయేదానిది. పట్టీ కనకానికి తిరిగి ఇచ్చేశాను.

"నీ ఇష్టం" అంది. కాస్త కోపం వచ్చింది తనకు.

35వ రోజు

ఈ రోజు ప్రసాదం మిగిలింది. తినలేదు. వెదురు బుట్టలో ఆకులు పరిచి అందులో పెట్టుకుని తొట్టి ఎక్కాను. "మంగతాయారు. నూట మూడు కిలోలు" అంది గొంతు. వరసంతా గొల్లుమంది. మా ఆయన కూడా నవ్వేశారు. "బుట్టతో కలిపిరా బాబూ" అని అరిచారు గానీ ఎవరూ వినలేదు.

కింద ఊట దగ్గర నీళ్ళు తోడేవాళ్ళు నలుగురున్నారు. పైకి వచ్చి ప్రసాదం తీసుకునే తీరిక వాళ్ళకు ఎప్పుడూ ఉండదు. ఇన్నేళ్ళూ నాకు ఆ ఆలోచనే రాలేదు. సిగ్గేసింది. వాళ్ళకు పెట్టాను. తర్వాత మెట్లెక్కుతూ, ఒక్కో మజిలీలో ఆయాసపడుతూ కూర్చున్నవాళ్ళకు ఒక్కో ముద్ద. కింద బయల్దేరినప్పుడు బుట్ట చెయ్యి లాగేసింది. నాలుగో మజిలీ దాటేసరికి ఖాళీ. ఎక్కేకొద్దీ తేలికైంది.

ఇంటికొచ్చి చారన్నం తిన్నాను. ఆకలేసి తిన్నాను. ఎంత రుచిగా ఉందో.

58వ రోజు

తొంభై రెండు. రోజుకు మూడు సార్లు. బుట్ట పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఏకాదశికి మజ్జిగ, ఒక పండు. మోకాలికి పొద్దున నువ్వులనూనె రాసుకుంటున్నాను. ఎడమది కలుక్కుమనడం తగ్గింది.

కనకరత్నం డెబ్బై. సభలో దండ వేశారు. "ఊరంతటికీ ఆదర్శం" అన్నారు పాండురంగం గారు. చీర కొత్తగా కట్టుకుంది, అందంగా ఉంది. దండ తీసి నా దగ్గరికొచ్చి, "ఏంటక్కా, రెండు నెలలకి అయిదు కిలోలేనా? నత్తని పెంచుకుంటున్నావా?" అంది.

"నత్తే గానీ మెట్లెక్కుతోందే."

నవ్వింది. మెట్ల మాట వచ్చేసరికి మాట మార్చింది.

74వ రోజు

తొలి బిందె ముంచేటప్పుడు కుండీ గోడమీద గంట్లు చూడటం నాకు అలవాటు. వేసవి మొదట్లో పద్దెనిమిదో గంటుదాకా నీళ్ళుండేవి. ఈ రోజు పదకొండు. ఊటలో నీళ్ళు తగ్గాయా అంటే లేదు. తొట్టి కారుతోందా అంటే లేదు.

మా ఆయన రాసే బ్రేకు పుస్తకం తెప్పించుకుని వరండాలో కూర్చుని లెక్కలు కూడి చూశాను. కనకం మునుపు ఎనభై ఆరు లీటర్ల చొప్పున రోజుకు రెండు సార్లు, నూట డెబ్బై రెండు లీటర్లు ఎత్తేది. ఇప్పుడు అరవై ఆరు కిలోలు. ఒక్కసారికి అరవై నాలుగు లీటర్లు. రోజుకు ఎక్కేది ఒక్కసారే. అంతకు మించి కాళ్ళు రావడం లేదు. నాలుగు చెంచాల అన్నంతో ఏ కాళ్ళు వస్తాయి? ఇలాంటివాళ్ళు జట్టులో ఇరవై ఇద్దరు.

ఊరు సన్నబడింది. కుండీ ఎండిపోతోంది. మా నీళ్ళు ఎక్కేది మా బరువుతో, ఆ బరువును మళ్ళీ పైకి తెచ్చే మా కాళ్ళతో. సభ వాళ్ళు బరువు చూశారు, కాళ్ళు మరిచిపోయారు. అందరం మరిచిపోయాం. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ కాగితం సభకు తీసుకెళ్ళాను. పదిమందిలో మాట్లాడటం నాకు చేతకాదు. కాగితం పాండురంగం గారి ముందు పెట్టి వెనక్కి వచ్చి నిలబడ్డాను.

ఆయన చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివారు. "అయితే తొట్టిలో మనుషులకి తోడు రాళ్ళు వేద్దాం. బరువు సరిపోతుంది."

వెనకనుంచి మా ఆయన, "భేషుగ్గా ఉందండీ. దిగిన రాళ్ళని పైకి మీరు మోసుకొస్తారా, మీవాళ్ళెవరన్నా ఉన్నారా?" అన్నారు.

సభంతా నవ్వింది. పాండురంగం గారు మాత్రం నా వైపు చూసి, "లెక్క బాగానే వేశారమ్మా. కానీ నియమం నియమమే. మీది ఇంకా తొంభై" అన్నారు.

92వ రోజు

గాలిఓడ రాలేదు. ఉత్తరాన దుమ్ము గాలులట. ఎప్పుడొస్తుందో తెలియదు. బిళ్లలు అయిపోయాయి.

పది రోజుల్లో ఊరి ముఖం మారిపోయింది. పక్కింటికి వెళ్ళిన ఆకలి తిరిగొచ్చేసింది, చుట్టాలను కూడా వెంటబెట్టుకుని. గుడిలో గిన్నె ఇట్టే ఖాళీ. కనకం రెండు సార్లు వరసలో నిలబడింది. మూడోసారి నిలబడటానికి సిగ్గుపడి గోడవారన కూర్చుంది. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

"ఆగడం లేదక్కా" అంది, తింటూనే ఏడుస్తూ. "పొద్దున లేచేసరికే కడుపు అరుస్తోంది. అయిదు కిలోలు వచ్చేశాయి. ఆ దండ ఇంకా మేకుకే వేలాడుతోంది. దాన్ని చూస్తే చాలు మళ్ళీ ఆకలేస్తోంది."

ముప్పై అయిదో రోజునుంచి బుట్ట మోస్తున్న చేతితో తన వీపు నిమిరాను. "రేపు నాతో ఒక్క మజిలీ ఎక్కు. ఒక్కటే. బుట్ట నువ్వు పట్టుకో."

"బుట్ట నా చేతికిస్తే పైకి చేరదక్కా."

ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజులకు.

107వ రోజు

కుండీ తొమ్మిదో గంటు. ఇంటికి రెండు బిందెలే ఇస్తున్నారు.

నేను రోజుకు అయిదు సార్లు. ఎనభై తొమ్మిది దగ్గర ఆగిపోయాను. పది రోజులుగా అంకె కదలడం లేదు. ఎంత ఎక్కినా అంతే. నిన్న రాత్రి ముద్ద మానేద్దామనుకున్నాను. డాక్టరు గారు పుస్తకం చూసి కోప్పడ్డారు. "ఇన్నాళ్ళూ కట్టిన ఇంటికి ఇప్పుడు పునాది తీసేస్తారా? తినండి. ఎక్కండి. అంకె సంగతి దానికి వదిలెయ్యండి."

వదలడం నావల్ల కావడం లేదు. ఇంకా పదమూడు రోజులు. రోజూ తొలి బిందె ముంచేటప్పుడు, ఇంకెన్ని సార్లు అని లెక్కపెట్టుకుంటున్నాను. తల్లీ, నా ఒంట్లో ఉన్నదంతా నీ ప్రసాదమే. దాన్ని నీ నీళ్ళకే ఖర్చుపెడుతున్నాను.

కనకం ఇప్పుడు రెండో మజిలీదాకా వస్తోంది.

120వ రోజు

పొద్దున్నే స్నానం చేసి, పసుపు రాసుకుని, బుట్ట లేకుండా తొట్టిలో కాలు పెట్టాను. ఊరంతా వచ్చింది. పాండురంగం గారు తడిగుడ్డ పట్టుకుని పలక దగ్గర నిలబడ్డారు.

"మంగతాయారు. ఎనభై ఆరున్నర కిలోలు."

కిలోన్నర ఎక్కువ. మా ఆయన బ్రేకు మీద చెయ్యి అలాగే ఉంచి తల దించుకున్నారు. నేను తొట్టిలోంచి బయటికి వచ్చాను. నా పేరు నేను చూడకుండా చెరపమని అడగాలనుకున్నాను.

డాక్టరు షాహీన్ గారు ముందుకొచ్చి నా పుస్తకం తెరిచారు. "కార్యదర్శి గారూ, ఈ హద్దు ఎందుకు పెట్టాం?"

"గుండె కోసం. మెట్ల మీద మనిషి పోకూడదని."

"మరి గుండెని అడక్కుండా తూకాన్ని అడుగుతున్నామెందుకు? మీ బరువెంత?"

"అరవై రెండు." ఆయన కాస్త గర్వంగానే అన్నారు.

"దిగి ఎక్కండి. ఈవిడా ఎక్కుతారు. పైన నాడి నేను చూస్తాను."

అందరి ముందూ కాదనలేకపోయారు. ఇద్దరం దిగాం. ముందే కిందికి పంపిన ప్రసాదం బుట్ట నేను ఎత్తుకున్నాను. ఉన్న అలవాటు, ఖాళీ చేతులతో ఎక్కబుద్ధి కాలేదు. ఆయన మొదట్లో గబగబా ముందుకు వెళ్ళిపోయారు. మొదటి మజిలీలో నేను ఇద్దరికి ముద్దలు పెట్టి ఆగకుండా సాగాను. రెండో మజిలీలో ఆయన రాతి పలక మీద కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు చేతిలో ఉంది. రొప్పుతున్నారు.

ఆయన పక్కనే కనకం. "కూర్చోండి అన్నయ్యగారూ, తొందరేం లేదు. నేనూ ఇక్కడే ఆగిపోయేదాన్ని" అంది.

నేను ఒక ముద్ద ఆయన చేతిలో పెట్టాను. తిన్నారు. బుట్టలో తిరిగి పెట్టలేదు. "మీరు వెళ్ళండమ్మా" అన్నారు.

పైకి చేరాక డాక్టరు గారు నా మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకుని లెక్కపెట్టారు. వదిలేసి, "దేవుడా, ఈ గుండెకి పదో తరగతి కాదు, డిగ్రీ ఇవ్వాలి" అన్నారు.

పాండురంగం గారు పైకి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, ఆ తడిగుడ్డ తీసుకుని, పలక పైన రాసి ఉన్న "85" చెరిపేశారు. దాని స్థానంలో ఏం రాయాలో తోచక డాక్టరు గారి వైపు చూశారు. "నాడి" అని రాయించారావిడ. బిళ్లలు కావలసినవాళ్ళకు ఇక మీదట ఆవిడే ఒక్కొక్కరినీ చూసి ఇస్తారట, తిండీ మెట్లూ రాసిన పుస్తకం చూశాక. కనకం తన పుస్తకానికి అప్పటికే అట్ట వేసుకుంది.

అభిషేకానికి తొలి బిందె నేనే ముంచాను. నీళ్ళు ఒక్క చుక్క ఒలకలేదు.

ఆ తర్వాత ఇంకో అయిదు సార్లు దిగి ఎక్కాను. సాయంత్రం చివరిసారి తొట్టిలోకి అడుగుపెట్టేటప్పుడు మా ఆయన ఆ గొంతు పెట్టె మూత తీసి ఏదో సర్దుతున్నారు. "ఏంటండీ?" అంటే, "నువ్వు ఎక్కు" అన్నారు.

ఎక్కాను. గొంతు నా కిలోలు చెప్పలేదు.

"మంగతాయారు. ఈ రోజు అయిదు వందల నాలుగు లీటర్లు."

కొండ ఆ మాట తిరిగి చెప్పింది. నాలుగు నెలల క్రితం నూట తొంభై. వరసలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన బ్రేకు వదులుతూ నా వైపు చూడలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

గర్వపడటం మంచిది కాదని మా అమ్మ నేర్పింది. ఈ ఒక్క సాయంత్రానికి తల్లి నన్ను క్షమిస్తుంది. సగం దారిలో నీళ్ళ తొట్టి ఎదురొచ్చింది. దణ్ణం పెట్టుకున్నాను. అందులో ఉన్నవి నేను ఎత్తుతున్న నీళ్ళే.

మెట్లెక్కి వచ్చేసరికి కనకం మూడో మజిలీలో నాకోసం ఆగి ఉంది. ఒళ్ళో బుట్ట. అడుగున ఒక్క ముద్ద మిగిల్చింది, నాకని. ఇద్దరం సగం సగం తిన్నాం. దాచకుండా రాస్తున్నాను.